కల్లు దుకాణానికీ ఆసుపత్రికీ నడుమ

తాగుడు అనే మాట వినగానే మనలో చాలమందికి సారా సీసా కళ్ళకు కడుతుంది. కల్వకుర్తి ప్రాంతంలో మాత్రం తాగుడంటే మొదట కల్లే. దుందుభి వాగుకు ఇరువైపులా పరచుకొన్న ఆ చలక నేలల్లో ఈతవనాలూ, తాటిచెట్లూ పల్లెల ఆస్తి. ఎల్లమ్మకు సాక పోయాలన్నా కల్లే, పెండ్లిలో వియ్యాలవారికి మర్యాద చేయాలన్నా కల్లే, చావింట దుఃఖం దించుకోవాలన్నా కల్లే. పురుషులతో పాటు స్త్రీలూ, పొలం పని ముగించుకొని వచ్చిన ముసలమ్మలూ ఎవరి చాటూ లేకుండా తాగే పానీయం అది. అందువల్ల ఈనాడు నేను ప్రస్తావించబోయే జబ్బుకు ఆ నేలతో దగ్గరి సంబంధం ఉన్నది. ఆ జబ్బుకు ఆసుపత్రి మంచమెక్కకుండా, ఇంట్లో ఉంటూ, పని మానకుండా, ఓపీ చీటీతో వచ్చిపోతూ చేయించుకోదగిన వైద్యం ఒకటి ఉన్నది. దాన్ని గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను.

చెట్టు మీది నుంచి దించిన కల్లు స్వభావతః అంత తీవ్రమైన పానీయం కాదు. తెల్లవారుజామున లొట్టిలో చేరిన తియ్యని రసం కొన్ని గంటలలోనే తనంత తాను పులియనారంభిస్తుంది. సాయంకాలానికి అందులోని ఆల్కహాలు నూటికి నాలుగైదు పాళ్ళు. మరునాటికి అది పులిసి వెగటవుతుంది. నిలవ ఉండదు, దూరం పోదు. చిక్కంతా ఇక్కడే వచ్చింది. చెట్టు ఏడాది పొడుగునా ఒకే తీరున పారదు. దుకాణం మాత్రం ఏడాది పొడుగునా తెరిచి ఉండాలి. చెట్లు తరిగిపోతున్నవి, తాగేవారు తరగడం లేదు. చెట్టు ఇవ్వలేనిదాన్ని నీళ్ళూ, శాకరినూ ఇచ్చాయి. నీళ్ళు కలిసిన కల్లుకు నిషా ఉండదు గనుక ఆ నిషాను మందుల సంచిలో నుంచి తెచ్చారు. మొదట క్లోరల్ హైడ్రేటు. 1832లో జర్మనీ దేశపు రసాయనశాస్త్రజ్ఞుడు లీబిగ్ తయారుచేసిన పదార్థమది. పంతొమ్మిదో శతాబ్దపు ఉత్తరార్ధంలో వైద్యులు దాన్ని నిద్రమందుగా వాడారు. ఆ తరువాత డయాజిపామ్, ఇటీవలి కాలంలో ఆల్ప్రజోలామ్. ఈ చివరి రెండూ 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం పరిధిలోనికి వచ్చేవే. జనం ఈ కల్లుకు 'మందు కల్లు' అని పేరు పెట్టారు. తాగేవాడికి తెలియదనుకోవడం పొరపాటు. పేరు పెట్టింది తాగేవాడే. తెలియనిదల్లా ఆ మందు ఏదో, ఎంతో.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ముందుకు పోవడం న్యాయం కాదు. మోకు వేసుకొని తెల్లవారకముందే చెట్టెక్కేవాడు గీత కార్మికుడు. కాలు జారి పడితే నడుము విరిగేదీ అతనికే. కల్తీ నేరాన్ని అతని తలకు చుట్టడం మన సమాజానికి సులువైన పని. తెల్లపొడి చెట్టుకు కాయదు గదా! దాన్ని తయారుచేసేవారూ, రవాణా చేసేవారూ, కొని కలిపేవారూ వేరే ఉన్నారు. ప్రకృతిసిద్ధమైన కల్లుకు గిరాకీ పోగొట్టి, గీత వృత్తినే దెబ్బతీసినవారు వారే.

రోజూ సాయంత్రం రెండు సీసాల మందు కల్లు పుచ్చుకొనే మనిషి శరీరంలో ఏమి జరుగుతుందో చూద్దాం. మెదడును జోకొట్టే ఆ మందుకు మెదడు అలవాటు పడుతుంది. జోకొట్టే చేయి ఎప్పుడూ ఉంటుందనే నమ్మకంతో తన మేలుకొలుపును తానే హెచ్చించుకుంటుంది. ఆ చేయి హఠాత్తుగా తొలగిపోతే హెచ్చిన మేలుకొలుపు ఒక్కసారి బయటపడుతుంది. చేతులు వణకుతాయి, చెమటలు పోస్తాయి, నిద్ర రాదు, గుండె దడదడలాడుతుంది. కొందరికి మూర్ఛలు వస్తాయి. కొందరు లేని మనుషులతో మాట్లాడతారు, గోడ మీద పురుగులు పాకుతున్నాయంటారు, కట్టుకొన్న భార్యను గుర్తించరు. పూర్వపు వైద్యులు సన్నిపాతమని పిలిచిన దశకు ఇది దగ్గరది. ఆల్కహాలు మానినవారికి వణుకు ఆరేడు గంటలలో మొదలై, మూర్ఛలు మొదటి రెండు రోజులలో, ఈ మతిభ్రమ మూడు నాలుగు రోజులకు కనిపించడం వాడుక. ఆల్ప్రజోలామ్ వంటి మందు ఆగినప్పుడు ఒకటి రెండు రోజులలోనే బాధలు తలయెత్తుతాయి. డయాజిపామ్ ఒంట్లో ఎక్కువ కాలం నిలిచేది గనుక వారం తరువాత కూడా రావచ్చు. ఏ సీసాలో ఏమి కలిసిందో ఎవరికీ తెలియదు గనుక ఏ రోజున ఏమి వస్తుందో ముందుగా చెప్పడమూ కష్టమే.

దీని మూలంగా కలిగే విచిత్రాలు పల్లెవైద్యం చేసేవారందరికీ పరిచితమైనవే. కాలు విరిగి పట్నం ఆసుపత్రిలో చేరిన రోగి రెండు రోజులు బాగానే ఉండి, మూడో రాత్రి కట్లు తెంపుకొని లేస్తాడు. కాన్పుకు పుట్టింటికి పోయిన కోడలిని చూడబోయిన అత్త, కల్లు దొరకని ఆ ఊళ్ళో, మూర్ఛ వచ్చి పడిపోతుంది. పాలమూరు నుంచి మేస్త్రీ వెంట దూరదేశం వలసపోయిన కూలీ, లారీ దిగిన రెండో రోజున పిచ్చివాడివలె పరుగెత్తుతాడు. ఇంటివారు గాలి సోకిందంటారు, ఎవరో చేతబడి చేశారంటారు. తాయెత్తు కడతారు. "కల్లు తాగకుంటె చేతులు వణుకుతయి సారూ, తాగితె మంచిగైతయి" అని అమాయకంగా చెప్పే ముసలమ్మ తన జబ్బునంతా ఆ ఒక్క వాక్యంలోనే చెప్పివేస్తున్నది. వైద్యుడు వినగలిగితే చాలు.

ఇప్పుడు 2015వ సంవత్సరపు సంగతి. ఆ ఏడు సెప్టెంబరు మాసంలో తెలంగాణలోని నిజామాబాదు, మెదకు మున్నగు జిల్లాలలో కల్తీ కల్లుపై ఆబ్కారీ శాఖ గట్టి దాడులు సాగించింది. మందు కలవని కల్లు వచ్చింది, లేదా దుకాణమే మూతపడింది. మంచి పనే గదా అని ఎవరైనా అనుకుంటారు. కాని కొద్ది రోజులలోనే వందలాది మనుషులు వణకుతూ, కేకలు వేస్తూ, మూర్ఛలతో జిల్లా ఆసుపత్రులకూ, హైదరాబాదు ఎర్రగడ్డలోని మానసిక వైద్యశాలకూ చేరుకున్నారు. కొన్ని ప్రాణాలు పోయినవి. కొన్నిచోట్ల రోగుల బంధువులే ఆ పాత కల్లే మళ్ళీ ఇప్పించండని వేడుకున్నారు. కల్తీని అరికట్టడం తప్పు కాదు; అరికట్టక తప్పదు కూడా. 2025 జూలైలో హైదరాబాదు కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి కొందరు మరణించిన వార్త ఇంకా పాతబడలేదు. కాని దుకాణం తలుపు మూసేవాడూ, ఆసుపత్రి తలుపు తెరిచేవాడూ ఒకరితో ఒకరు ముందుగా మాట్లాడుకోకపోతే మధ్యలో నలిగేది తాగేవాడి ప్రాణం.

మన రాష్ట్రాల మద్యనిషేధ చరిత్రలోనూ ఈ లోపమే కనబడుతుంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు లేవదీసిన ఉద్యమం ఫలితంగా 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషిద్ధమైంది. కల్వకుర్తి ఓటర్లు 1989లో ఓడించి పంపిన ఎన్.టి. రామారావుగారే 1994 డిసెంబరులో మళ్ళీ ముఖ్యమంత్రి అయి మద్యనిషేధంపై సంతకం చేశారు. 1995 జనవరి 16న నిషేధం అమలులోనికి వచ్చింది, 1997లో ఎత్తివేయబడింది. ఆ స్త్రీల పోరాటాన్ని నేను తక్కువ చేయడం లేదు. ఆ రోజులలో ఎన్నో ఇళ్ళలో పొయ్యి వెలిగిన మాట వాస్తవం. అయితే ఆ చర్చలన్నిటిలో సీసాను గురించి, లైసెన్సును గురించి, ఖజానాను గురించి మాట్లాడినంతగా, సీసా దొరకని రాత్రి వణికే శరీరాన్ని గురించి ఎవరు మాట్లాడారు?

ఆ శరీరాన్ని ఎక్కడికి తీసుకుపోవాలి? కల్వకుర్తి నుంచి ఎర్రగడ్డకు 80 కిలోమీటర్లకు పైబడిన దూరం. బస్సు ఖర్చు, వెంట ఒక మనిషి, ఇద్దరి కూలీ, పైగా "పిచ్చాసుపత్రికి పోయివచ్చినాడు" అనే మాట. ఆ మాట పడటం ఇష్టం లేక చాలమంది కదలనే కదలరు. అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ వారు కేంద్ర ప్రభుత్వం తరఫున సర్వే చేసి 2019లో వెలువరించిన నివేదిక ప్రకారం మన దేశంలో మద్యానికి బానిసలైన ప్రతి 38 మందిలో ఒక్కరికి మాత్రమే ఏదో ఒక చికిత్స అందుతున్నది. మంచమెక్కి చికిత్స పొందినవారు 180 మందిలో ఒక్కరు. మంచాలు పెంచుకుంటూ పోయి ఈ లెక్కను సరిచేయగల దేశం ఎక్కడా లేదు. అందుచేత వైద్యమే ఊరి దగ్గరికి రావాలి.

ఈ ఆలోచన కొత్తది కాదు. 1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం ఏర్పడింది. మన పొరుగునే ఉన్న బళ్ళారి జిల్లాలో, బెంగుళూరు మానసిక వైద్య సంస్థ వారి ప్రయత్నంతో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలోని సామాన్య వైద్యులకే తర్ఫీదు ఇచ్చి చూశారు. ఆ నమూనా మీదనే 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలైంది. నాగర్‌కర్నూలు 2016లో జిల్లా అయింది. 2022లో అక్కడ ప్రభుత్వ వైద్య కళాశాల కూడా వచ్చింది. అంటే కల్వకుర్తి రోగికి నిపుణుడు మునుపటికంటె దగ్గరయ్యాడు. ఇక మిగిలింది కల్వకుర్తి ప్రభుత్వాసుపత్రి ఓపీలోనే ఈ పని జరగడం.

ఎట్లా జరగాలి? మొదటి రోజున వైద్యుడు చేయవలసింది ప్రశ్నలు వేయడమే. రోజుకు ఎన్ని సీసాలు, ఎన్నేళ్ళుగా, చివరిసారి ఎప్పుడు, ఇంతకుముందు మానినప్పుడు మూర్ఛ వచ్చిందా, మతి తప్పిందా, ఇంట్లో చూసుకొనేవారు ఎవరు? నాడి, రక్తపోటు, చేతుల వణుకు, కళ్ళ పచ్చదనం చూడాలి. ఇంతలోనే రోగులు రెండు తెగలుగా విడిపోతారు. మూర్ఛల చరిత్ర ఉన్నవారిని, మతి తప్పినవారిని, గర్భిణులను, కామెర్లు, గుండెజబ్బు వంటివి ఉన్నవారిని, బాగా వయసు మళ్ళినవారిని, తోడు లేనివారిని ఇంటికి పంపరాదు, మంచం ఇవ్వవలసిందే. మిగిలినవారికి ఇంటివద్దనే వైద్యం చాలును. మిగిలినవారే ఎక్కువ.

వారికి మందుగా ఇచ్చేది, వినేవారికి ఆశ్చర్యం కలగవచ్చు, కల్లులో కలిపే మందు జాతికి చెందినదే. ముల్లును ముల్లుతో తీయడమన్నమాట. అయితే తేడా ఉన్నది. దుకాణంలో కలిసినదానికి కొలత లేదు. వైద్యుడు ఇచ్చినదానికి కొలత ఉన్నది, ఆ కొలత దిగుతూ పోతుంది. ఒంట్లో నిదానంగా పనిచేసే మందును ఎన్నుకొని, ఆల్కహాలు ఒక్కటే అయితే వారం పది రోజులలో దించివేయవచ్చు. మందు కల్లు ఏళ్ళ తరబడి తాగినవారికి వారాలు, ఒక్కొక్కసారి నెలలు పడుతుంది. మెట్లు దిగినట్లు దిగాలి, దూకరాదు. బిళ్ళలు ఒకేసారి నెలకు సరిపడా ఇవ్వకుండా, మొదట రోజు విడిచి రోజు, తరువాత వారం వారం రమ్మనాలి. అవి భార్య చేతిలోనో, తల్లి చేతిలోనో ఉండాలి. బిళ్ళ వేసుకొని కల్లు తాగితే ఊపిరి ఆగిపోయే ప్రమాదం ఉన్నదని రోగికీ, ఇంటివారికీ విడివిడిగా చెప్పాలి. ఆ రోజులలో మోటారు సైకిలు నడపరాదు. రోగి గీత కార్మికుడే అయితే చెట్టు ఎక్కరాదు. ఇది చెప్పడం తేలిక. అతనికి అది తిండి మానమన్నట్లే. అందుకే ఆ కొద్ది వారాలకు తమ్ముడో, కొడుకో ఆ పని చూసే ఏర్పాటును కూడా వైద్యుడు అడిగి తెలుసుకోవాలి.

మరొకటి, చిన్నదిగా కనిపించి పెద్ద అపకారం చేసేది. తాగి తాగి తిండి మానిన మనిషి నీరసపడగానే ఊళ్ళోని ఆర్.ఎం.పి. చేసే మొదటి పని గ్లూకోజు సీసా ఎక్కించడం. ఒంట్లో బి-వన్ విటమిను, అనగా థయమిన్, ఎండిపోయి ఉన్న స్థితిలో ఉత్త గ్లూకోజు ఎక్కిస్తే ఉన్న కొద్దిపాటి విటమినూ ఖర్చయి మెదడు దెబ్బతినవచ్చు. కళ్ళు తిప్పలేకపోవడం, నడక తూలడం, మతిమరపు వస్తాయి. కార్ల్ వెర్నికే అనే జర్మను వైద్యుడు 1881లోనే ఈ జబ్బును వర్ణించాడు. థయమిన్ సూది ముందు, గ్లూకోజు తరువాత. చాల చవకైన మందు అది. కల్వకుర్తి చుట్టుపక్కల ఆర్.ఎం.పి.లందరినీ ఒకనాడు కూర్చోబెట్టి ఈ ఒక్క మాట చెప్పినా ఎందరికో మేలు జరుగుతుంది. వారిని వెక్కిరించి లాభం లేదు. అర్ధరాత్రి పల్లెలో తలుపు తట్టితే లేచేది వారే.

వణుకు తగ్గింది. ఇక్కడితో వైద్యం ముగిసిందనుకొనేవారు చాలమంది. నిజానికి మొదలైంది. అలవాటును నిలువరించే మాత్రలు కొన్ని ఉన్నవి. నాల్‌ట్రెక్సోన్, అకాంప్రొసేట్ అనేవి తాగాలనే యావను తగ్గిస్తాయి. డైసల్ఫిరామ్ అనే మరొకటి, 1940ల చివర డెన్మార్కులో వాడుకలోనికి వచ్చినది, వేసుకొన్న తరువాత తాగితే ముఖం ఎర్రబడి, వాంతులై, గుండె దడ పుట్టి ప్రాణం మీదికి వస్తుంది. రోగికి తెలిసి, తానుగా ఒప్పుకొని, వైద్యుని కనుసన్నలలో వేసుకొంటే ఇది ఉపయోగపడుతుంది. బస్సుల మీదా, గోడల మీదా "తెలియకుండా తాగుడు మాన్పిస్తాము" అని రాసి ఉండే ప్రకటనలు మీరు చూసే ఉంటారు. పప్పులోనో, మజ్జిగలోనో కలిపి పెట్టమని అమ్మే ఆ పొడులలో ఏమున్నదో భగవంతుడికే ఎరుక. తెలియకుండా ఇచ్చిన మందు ఒకనాడు తెలియకుండానే ప్రాణం తీయవచ్చు. ఆ అమ్మల, ఆ ఇల్లాండ్ర ఆవేదన నాకు తెలుసు. అయినా ఆ పని చేయవద్దని చేతులు జోడించి మనవి చేస్తున్నాను.

మందుకంటె మాట ముఖ్యం. గోవాలోని పది ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో ఒక పరిశోధన జరిగింది. ఫలితాలు 2017లో లాన్సెట్ పత్రికలో వెలువడినవి. హానికరంగా తాగే 377 మంది పురుషులను రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు మామూలు వైద్యం. రెండో జట్టుకు అదనంగా ఒకటి మొదలు నాలుగు పర్యాయాలు సలహా సంభాషణ. సలహా ఇచ్చినవారు డాక్టర్లు కారు. తర్ఫీదు పొందిన మామూలు మనుషులు. మూడు నెలలకు చూస్తే హాని కలిగించే స్థాయి నుంచి బయటపడినవారు మొదటి జట్టులో నూటికి 26 మంది, రెండో జట్టులో 36 మంది. అద్భుతమేమీ కాదు. కాని ఒక బల్ల, రెండు కుర్చీలు, అరగంట ఓపికతో నూటికి పదిమంది అదనంగా బాగుపడ్డారంటే కల్వకుర్తిలో అది ఎందుకు చేయరాదు? అయితే అక్కడివారు మరీ బానిసలు కాని తాగుబోతులు. మందు కల్లుకు శరీరం లొంగిపోయినవారికి మాట ఒక్కటే చాలదు. ముందు చెప్పిన మందు, దానికి తోడు మాట.

ఆ మాట ఉపన్యాసం కారాదు. "తాగుడు చెడ్డది" అని తాగేవాడికి చెప్పనక్కరలేదు. ఏ వేళ యావ పుడుతుంది? కూలీ డబ్బు చేతికి వచ్చే వేళ. ఏ దారిన దుకాణం తగులుతుంది? ఏ స్నేహితుడు పిలుస్తాడు? బోనాల పండుగ, దసరా, పీర్ల పండుగ, తద్దినం - ఏ రోజు గండం? దేవతకు సాక పోయడం ఆచారమైతే సాక పోయి, సీసా నేలకే ఒప్పగించి రావచ్చు. మిగిలింది తాగకపోతే ఎల్లమ్మ అలిగిందని ఎక్కడా వినలేదు. కూలీ డబ్బు ఆ పూటకు భార్య చేతికే ఇప్పించమని మేస్త్రీకి చెప్పవచ్చు. మూడు నెలలు మానినవాడు ఒక పెండ్లిలో తాగివస్తే, ఇక వీడు బాగుపడడని తలుపు వేసుకోరాదు. మర్నాడే ఓపీకి తీసుకురావాలి. మధుమేహరోగి ఒకనాడు మిఠాయి తిన్నాడని మందు ఆపివేస్తామా?

ఇంటివారికి కూడా కొన్ని సంగతులు తెలిసి ఉండాలి. మూర్ఛ వచ్చినప్పుడు చేతిలో తాళపుచెవులు పెట్టడం, ముక్కు దగ్గర ఉల్లిగడ్డ పట్టడం, నోట్లో నీళ్ళు పోయడం మానండి. పక్కకు తిప్పి పడుకోబెట్టి, చుట్టూ ఉన్న రాళ్ళూ కర్రలూ తీసివేసి, 108 బండికి కబురు చేయండి. ఏ కారణం చేతనైనా ఆసుపత్రిలో చేరవలసివస్తే, కాలు విరిగినా, కాన్పుకు వచ్చినా, "రోజూ కల్లు తాగే అలవాటు ఉన్నది" అని వైద్యునితో మొదటి రోజే చెప్పండి. సిగ్గుపడి దాచిన ఆ మాటే మూడో రాత్రి బయటపడుతుంది. మీ ఊరి దుకాణం హఠాత్తుగా మూతపడినా, కల్లు రుచి మారి నిషా తగ్గినా, వలస పోవలసివచ్చినా, వణుకు పుట్టేవరకు ఆగకుండా ముందే ఆసుపత్రికి రండి. ఏళ్ళ తరబడి తాగినవారు ఒక్కరోజున పంతం పట్టి సొంతంగా మానవద్దు. మానే పద్ధతి వైద్యుడు చెబుతాడు. దూరాన ఉన్నవారు 14416 అనే టెలిమానస్ నంబరుకు ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. 2022 అక్టోబరు నుంచి పనిచేస్తున్న ప్రభుత్వ సేవ అది, రాత్రింబవళ్ళు ఉంటుంది. మత్తుపదార్థాల విషయానికే ప్రత్యేకించి 14446 అనే మరో నంబరు ఉన్నది.

ఇక అధికారులకు ఒక్క విన్నపం. ఆబ్కారీ శాఖ ఒక మండలంలో దాడులు తలపెట్టినప్పుడు, దాడుల రహస్యం చెడకుండానే, ఆ మండలపు ఆరోగ్య కేంద్రాలలో థయమిన్ సూదులూ, డయాజిపామ్, లోరజిపామ్ మందులూ చాలినంత ఉన్నాయా లేదా అని జిల్లా వైద్యాధికారి ముందుగా లెక్క చూసుకోవాలి. ఆశా కార్యకర్తలకు ఎవరి ఇంట్లో ఎవరు తాగుతారో తెలుసు. మొదటి వారం ఆ ఇళ్ళకు రెండుసార్లు పోయి రమ్మనాలి. వారానికి ఒక మధ్యాహ్నం, కూలీలు పని దిగివచ్చే వేళకు, కల్వకుర్తి ఓపీలో ఈ రోగులకోసం ఒక గది తెరిచి ఉండాలి. ఆ గదికి 'మత్తు విముక్తి కేంద్రం' అని బోర్డు కట్టనక్కరలేదు. నంబరు వేస్తే చాలు. నిద్ర పట్టనివారూ, మూర్ఛలవారూ, తలనొప్పివారూ అందరూ ఆ గదికే పోతారు గనుక, ఎవరు ఎందుకు పోయారో ఊళ్ళో ఎవరికీ తెలియదు.